ఒకసారి వద్దన్న ట్రక్కు కంపెనీ మళ్లీ తీసుకుంటుందా?

అన్నా,
నా వయసు 33. ఇండియానాలో ఉంటున్నాం, గ్రీన్ కార్డ్ ఉంది. వేర్‌హౌస్ పని మానేసి క్లాస్ ఏ సీడీఎల్, అంటే పెద్ద ట్రక్కులు నడిపే లైసెన్స్, తీసుకున్నాను. స్కూల్ అవ్వగానే ఒక పెద్ద కంపెనీలో చేరాను. మూడో నెలలో ట్రక్ స్టాప్‌లో బ్యాకింగ్ చేస్తూ, పార్క్ చేసి ఉన్న ట్రక్కు అద్దాన్ని, హుడ్ మూలని తగిలించాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, కానీ నన్ను తీసేశారు. ఆ వెంటనే, నాకు మొదటి నుంచీ మనసున్న కంపెనీకి అప్లై చేశాను. రెండు రోజుల్లో ‘ప్రస్తుతం మిమ్మల్ని తీసుకోలేం’ అని మెయిల్ వచ్చింది. తర్వాత మనవాళ్లదే ఆరు ట్రక్కుల చిన్న కంపెనీలో చేరి 16 నెలలు అయింది. ఒక్క ట్రాఫిక్ టికెట్ లేదు, ఒక్క గీత పడలేదు. జీతం 1099 మీద ఇస్తారు (ఉద్యోగిగా కాదు, కాంట్రాక్టర్ లెక్కన), ఇంటికి మూడు వారాలకోసారి వస్తాను. నేను కోరుకున్న కంపెనీకి మా ఇంటి దగ్గర్లోనే టెర్మినల్ (ట్రక్కుల డిపో) ఉంది, డ్రైవర్లు వారం వారం ఇంటికి వస్తారు, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. మొన్న వాళ్ల రిక్రూటర్ దగ్గర్నుంచి టెక్స్ట్ వచ్చింది. మళ్లీ అప్లై చెయ్యనా? ఆ మూడు నెలల ఉద్యోగం సంగతి రాయకుండా వదిలెయ్యమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఇక్కడ ఎప్పుడు మానెయ్యాలి? మా ఆవిడేమో ‘కాదన్నవాళ్ల గుమ్మం మళ్లీ ఎందుకు తొక్కడం’ అంటోంది. మీకంటే చిన్నవాణ్ణి, నువ్వు అనే పిలవండి.
– పేరు వద్దు, ఇండియానా

తమ్ముడూ,

నీ ఫ్రెండ్ ఇచ్చిన సలహా సంగతే ముందు తేలుద్దాం. అక్కడ తప్పటడుగు పడితే మిగతా ప్రశ్నలకి జవాబులు అక్కర్లేదు. ఆ మూడు నెలల ఉద్యోగాన్ని దాచొద్దు. ఒక్క రోజు కూడా దాచొద్దు.

ఇది నీతులు చెప్పడం కాదు. ఫెడరల్ రూల్ ప్రకారమే ట్రక్కు డ్రైవర్ అప్లికేషన్‌లో గడిచిన 3 ఏళ్లలో పని చేసిన ప్రతి చోటూ రాయాలి. సీడీఎల్ కావలసిన ట్రక్కు నడిపేవాళ్లు అంతకు ముందు 7 ఏళ్లలో కమర్షియల్ డ్రైవర్‌గా చేసిన ఉద్యోగాలు కూడా రాయాలి. మొత్తం 10 ఏళ్లు. గత 3 ఏళ్లలో జరిగిన యాక్సిడెంట్లన్నీ రాయాలి, అద్దం విరగ్గొట్టినది కూడా. కింద ‘ఇందులో ఉన్నదంతా నిజం, పూర్తి’ అని సంతకం పెడతావు. ఇక నీ విషయంలో ఇంకో సంగతి ఉంది. ఆ కంపెనీకి నువ్వు కొత్తవాడివి కాదు. నీ పాత అప్లికేషన్ వాళ్ల కంప్యూటర్లో ఉంది, అందులో ఆ మూడు నెలల కంపెనీ పేరు నువ్వే రాశావు. నేను తొమ్మిదేళ్లు ట్రక్కు నడిపి, తర్వాత ఆరేళ్లు ఒక కంపెనీ సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో డ్రైవర్ల ఫైళ్లు చూశాను. రెండోసారి వచ్చినవాడి ఫైలు తెరిస్తే నేను చేసే మొదటి పని, పాత అప్లికేషన్ పక్కన పెట్టుకుని తేదీలు సరిపోల్చడం. బ్యాకింగ్‌లో అద్దం కొట్టినవాణ్ణి చాలాసార్లు ఓకే చేశాను. తేదీలు మార్చినవాణ్ణి ఒక్కసారి కూడా చెయ్యలేదు.

ఇప్పుడు మీ ఆవిడ మాట. ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు, కానీ గుమ్మం దగ్గర నిన్ను చూసి కాదన్నవాళ్లు ఎవరూ లేరక్కడ. రెండు రోజుల్లో జవాబు వచ్చిందంటే ఏ మనిషీ కూర్చుని నీ గురించి ఆలోచించలేదని అర్థం. ప్రతి కంపెనీ దగ్గరా ఒక చార్ట్ ఉంటుంది. ఇన్ని నెలల అనుభవం ఉండాలి, గత 12 నెలల్లో తప్పించగలిగిన యాక్సిడెంట్ ఉండకూడదు, టికెట్లు ఇన్నికి మించకూడదు, ఇంత కాలంలో ఇన్ని ఉద్యోగాలు మారకూడదు, ఇల్లు టెర్మినల్‌కి ఇన్ని మైళ్ల లోపల ఉండాలి. ఆ చార్ట్‌లో సగం వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ రాసేది. లోడ్లు విపరీతంగా ఉన్న 2021లో చార్ట్ వదులైంది. 2022 నుంచి రేట్లు పడిపోయాక మళ్లీ బిగిసింది. నువ్వు అప్లై చేసిన రోజున నీ పేరు పక్కన మూడు నెలల అనుభవం, వారం కిందటి యాక్సిడెంట్, ఊడిన ఉద్యోగం ఉన్నాయి. ఆ రోజు నా టేబుల్ మీదకి వచ్చి ఉంటే నేనూ పక్కన పెట్టేవాణ్ణి. ఇవాళ అదే చార్ట్‌లో నీ గడులు వేరేగా నిండుతాయి. అందుకే, అప్లై చెయ్యి.

ఇవాళ సాయంత్రమే మాత్రం వద్దు. ముందు మూడు కాగితాలు తెప్పించుకో. వాళ్లు నీ గురించి ఏం చదవబోతున్నారో అది నువ్వు ముందు చదవాలి.

మొదటిది పీఎస్‌పీ. ఎఫ్‌ఎంసీఎస్‌ఏ, అంటే ఫెడరల్ ట్రక్కు భద్రతా సంస్థ, ఇచ్చే రికార్డు ఇది. గత 5 ఏళ్ల క్రాష్‌లు, గత 3 ఏళ్ల రోడ్డు పక్క ఇన్‌స్పెక్షన్లు ఉంటాయి. 10 డాలర్లు కడితే నీది నువ్వే ఆన్‌లైన్‌లో తెచ్చుకోవచ్చు. నీ అద్దం సంగతి ఇందులో ఉండకపోవచ్చు. ఈ లెక్కలోకి వచ్చేవి ఎవరైనా చనిపోయిన, గాయపడి ఆస్పత్రికి వెళ్లిన, లేదా బండిని టో చేసి తీసుకెళ్లాల్సి వచ్చిన ప్రమాదాలే. ఇందులో మనవాళ్లు పట్టించుకోని మంచి విషయం ఒకటుంది. తప్పులేవీ దొరకని ఇన్‌స్పెక్షన్లు కూడా ఇందులో కనిపిస్తాయి. వెయ్ స్టేషన్‌లో (ట్రక్కుల బరువు తూచే చోట) ఆపి లోపలికి రమ్మంటే అందరం విసుక్కుంటాం, నేనూ విసుక్కున్నాను. కానీ ఈ 16 నెలల్లో రెండు మూడుసార్లు ఆపి, ఏమీ దొరక్క పంపించి ఉంటే, అది నీ తరఫున గవర్నమెంటు రాసి ఇచ్చిన సర్టిఫికెట్. ఏదైనా తప్పుగా ఎక్కిందా, డేటాక్యూస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో సవాలు చెయ్యొచ్చు.

రెండోది నీ లైసెన్స్ ఇచ్చిన రాష్ట్రం నుంచి వచ్చే డ్రైవింగ్ రికార్డు, ఎంవీఆర్. మన కారులో భార్యాపిల్లలతో వెళ్తున్నప్పుడు పడిన టికెట్ కూడా ఇక్కడ ఉంటుంది. అది ట్రక్కులో పడింది కాదు కదా అని అప్లికేషన్‌లో రాయనివాళ్లు చాలామంది. రాయాలి.

మూడోది డాక్ రిపోర్ట్. లోడ్ దింపే డాక్ కాదు, డీ-ఏ-సీ. హైర్‌రైట్ అనే సంస్థ ఉంచే ఉద్యోగ చరిత్ర ఇది. పాత కంపెనీ నువ్వు ఎప్పుడు చేరావు, ఎందుకు పోయావు, మళ్లీ తీసుకుంటుందా లేదా, చిన్నా పెద్దా యాక్సిడెంట్లు ఏమిటి అన్నది ఇందులో రాయొచ్చు. నీ అద్దం కథ ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంటుంది. ఏడాదికోసారి కాపీ ఉచితంగా అడగొచ్చు. అందులో తప్పుంటే డిస్‌ప్యూట్ వేస్తే, మామూలుగా 30 రోజుల్లో విచారించి తేల్చాలి.

ఈ రిపోర్ట్ గురించి నాకు కాస్త వ్యక్తిగతమైన కచ్చ ఉంది, చెప్పనివ్వు. చాలా ఏళ్ల క్రితం ఒక కంపెనీ మానేస్తూ, ఆదివారం పూట ట్రక్కుని వాళ్ల యార్డ్‌లోనే పెట్టి, ఆఫీసు మూసి ఉంటే తాళాలు డ్రాప్ బాక్స్‌లో వేసి వచ్చేశాను. వాళ్లు నా రికార్డులో ‘ట్రక్కు వదిలేసి వెళ్లిపోయాడు’ అని రాసేశారు. మన ఫీల్డ్‌లో అంతకంటే చెడ్డ మాట లేదు, యాక్సిడెంట్ కూడా దాని ముందు చిన్నదే. తర్వాత రెండు కంపెనీలు వద్దన్నాయి. నాకేమో ఎందుకో తెలీదు, నా ఇంగ్లిష్ బాగోలేదేమో, పేరు చూసి వద్దంటున్నారేమో అని ఏవేవో అనుకుంటూ నాలుగు నెలలు కుమిలిపోయాను. ఎవరో చెబితే కాపీ తెప్పించుకుని చూస్తే, ఒక్క లైను. ఆ రోజు డిస్పాచర్‌కి (లోడ్లు అప్పగించేవాడికి) పంపిన టెక్స్టు, యార్డ్‌లో ట్రక్కుతో దిగిన ఫొటో ఫోన్‌లో మిగిలి ఉండబట్టి బయటపడ్డాను. ఫొటో తీసింది కూడా ముందుచూపుతో కాదు, ఆ ట్రక్కంటే ఇష్టంతో.

నిన్ను వద్దన్నప్పుడు వచ్చిన మెయిల్ ఇంకా ఉంటే మళ్లీ చదువు. ఇలాంటి రిపోర్ట్ చూసి ఉద్యోగం నిరాకరిస్తే ఆ మాట, రిపోర్ట్ ఇచ్చిన సంస్థ పేరు కంపెనీ నీకు తెలియజెయ్యాలి. ట్రక్కు డ్రైవర్ ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో అప్లై చేసిన సందర్భంలో అందుకు 3 పని దినాల గడువు. ఆ తర్వాత 60 రోజుల్లోపు అడిగితే రిపోర్ట్ ఉచితం. ఆ 60 రోజులు నీకు ఎప్పుడో దాటిపోయాయి, ఏడాదికోసారి వచ్చే ఉచిత కాపీ మాత్రం ఉంది. పాత కంపెనీ నీ భద్రతా చరిత్ర గురించి తప్పు పంపిందని తేలితే, సరిచెయ్యమని రాతపూర్వకంగా అడుగు. వాళ్లు 15 రోజుల్లో సరిచెయ్యాలి, లేదా ఒప్పుకోవట్లేదని నీకు చెప్పాలి. ఒప్పుకోకపోతే నీ వాదన నువ్వు రాసిస్తే, దాన్ని కూడా ఆ రికార్డుతో జతచెయ్యాలి. ఫోన్ చేసి గొడవ పడితే ఇవేవీ జరగవు. కాగితం పెట్టు.

డ్రగ్ టెస్టుల క్లియరింగ్‌హౌస్ (డ్రైవర్ల డ్రగ్, ఆల్కహాల్ ఉల్లంఘనలు నమోదయ్యే ఫెడరల్ జాబితా) సంగతి కూడా ఉంది, 2020 జనవరి 6 నుంచి నడుస్తోంది. కొత్త కంపెనీ నిన్ను తీసుకునే ముందు అందులో పూర్తిగా వెతకాలి, దానికి నీ లాగిన్‌తో నువ్వు ఒప్పుకోవాలి. నీకక్కడ ఏమీ లేదనుకుంటాను. పాస్‌వర్డ్ మర్చిపోకుండా చూసుకో, చాలు. కొన్ని పెద్ద కంపెనీలు మూత్ర పరీక్షతో పాటు వెంట్రుకల పరీక్ష కూడా చేస్తాయి. అది సుమారు 90 రోజుల వెనక్కి చూస్తుంది. ఎవరికి ఎందుకు చెప్తున్నానో వాళ్లకి అర్థమవుతుంది.

ఇక నన్ను అసలు కలవరపెట్టిన మాటకి వస్తాను. నువ్వు దాన్ని ఉత్తరంలో మామూలుగా రాసి దాటేశావు. ‘జీతం 1099 మీద ఇస్తారు.’

నువ్వు 16 నెలలు నడిపావని నీకు తెలుసు, నాకు తెలుసు. పెద్ద కంపెనీకి ఎలా తెలుస్తుంది? చేర్చుకునే కంపెనీ నీ గత 3 ఏళ్ల ట్రక్కు ఉద్యోగాల భద్రతా చరిత్రని ఆ పాత కంపెనీల నుంచి అడిగి తెలుసుకోవాలని రూల్. ఆరు ట్రక్కుల కంపెనీలో ఆ ఫ్యాక్స్‌కి, ఆ మెయిల్‌కి జవాబిచ్చేవాడు ఎవడు? ఓనరే డిస్పాచర్, వాళ్లావిడే అకౌంట్స్, ఒక్కోసారి వాళ్ల బామ్మర్దే సేఫ్టీ మేనేజర్. మనవాళ్లని తక్కువ చెయ్యడం లేదు, ఆ ఇంట్లో అన్నం తిన్నవాణ్ణే. కానీ జవాబు రాకపోతే రిక్రూటర్ మూడుసార్లు ప్రయత్నించి ఫైలు పక్కన పడేస్తుంది. ‘అనుభవం నిర్ధారణ కాలేదు’ అని రాస్తుంది. నీ 16 నెలలూ లెక్కలోంచి పోతాయి, మిగిలేది ఆ మూడు నెలలు. ఆ మూడు నెలల్లో ఉన్నది అద్దం ఒక్కటే. రెండోసారి కూడా రెండు రోజుల్లో మెయిల్ వస్తుంది. నేను ఇలా మంచి డ్రైవర్ల ఫైళ్లు మూసేశాను, తెలిసి మూసేశాను, ఇంకో దారి లేక.

కాబట్టి ఈ పని ఇప్పుడే మొదలుపెట్టు. వారం వారం వచ్చే సెటిల్‌మెంట్ షీట్లు, 1099 ఫారాలు, టాక్స్ రిటర్నులు, బ్యాంకులో పడిన డబ్బు స్టేట్‌మెంట్లు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టు. నీ ఎలక్ట్రానిక్ లాగ్‌లు (నడిపిన గంటల రికార్డు) 6 నెలల పాటు కంపెనీ దాచాలి, నీ లాగ్‌లు నువ్వు అడిగితే ఇవ్వాలి. వాటి కాపీ తీసుకో. కంపెనీ డీఓటీ నంబర్ (ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొట్టి ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వాళ్ల సేఫర్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూడు, యాక్టివ్‌గా ఉందా, ఎన్ని ట్రక్కులు చూపిస్తోంది, నువ్వు ఏ పేరు మీద నడుపుతున్నావో ఆ పేరే ఉందా అని. పేర్లు మార్చుకుంటూ పోయే కంపెనీలు ఉన్నాయి. నువ్వు చేరినప్పటి పేరు ఒకటి, ఇప్పుడు తలుపు మీద ఉన్న పేరు ఇంకొకటి అయితే, రెండూ అప్లికేషన్‌లో రాయాలి.

ఇంకో మాట. ట్రక్కు వాళ్లది, లోడ్ వాళ్లది, వేళలు వాళ్లవి, స్టీరింగ్ ఒక్కటే నీది అయినప్పుడు 1099 ఇవ్వడం సరైన పద్ధతేనా అన్నది పెద్ద ప్రశ్న, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ కూడా అడిగే ప్రశ్న. దాన్ని ఇవాళ ఓనర్‌తో తేల్చుకోమని చెప్పను. నీకు ఇప్పుడు ఆయన మంచి మాట కావాలి. నువ్వు ఇంకా నిర్ణయించుకోకముందే ఆయనకి చెప్పాలా అంటే, మనిషిని బట్టి. మంచివాడైతే కూర్చుని చెప్పు. ‘అన్నా, పిల్లల కోసం ఇంటి దగ్గర ఉండే పని చూసుకుంటున్నాను, వాళ్లు మీకు మెయిల్ పంపితే జవాబివ్వండి, వెళ్లేటప్పుడు రెండు వారాలు ముందు చెప్పే వెళ్తాను’ అని. తిక్క మనిషైతే ఆఫర్ చేతికి వచ్చేదాకా ఊరుకో. అప్లికేషన్‌లో ‘ప్రస్తుత యజమానిని ఇప్పుడే సంప్రదించవద్దు’ అనే అవకాశం ఉంటే వాడుకో, కానీ చివరికి ఎలాగైనా అడుగుతారని గుర్తుంచుకో.

ఇక రిక్రూటర్ టెక్స్ట్. దాన్ని చూసి మరీ పొంగిపోకు. ఆ టెక్స్ట్ నీకొక్కడికే వచ్చింది కాదు, వాళ్ల పాత జాబితాలో ఉన్న వందల మందికి ఒకేసారి వెళ్లి ఉంటుంది. రిక్రూటర్ పని సీట్లు నింపడం. వద్దనే అధికారం సేఫ్టీ వాళ్లది. అందుకని రిక్రూటర్ ‘నో ప్రాబ్లమ్’ అన్న మాటకి విలువ లేదు, ‘సేఫ్టీని అడిగి చెప్తాను’ అన్న మాటకి ఉంది. ఫారం నింపకముందే ఫోన్ చేసి, గతంలో అప్లై చేశాను, తీసుకోలేదు అని నువ్వే మొదట చెప్పు. తర్వాత అడుగు: అప్పుడు ఏ కారణం నమోదైంది? మళ్లీ అప్లై చెయ్యడానికి గడువేమైనా ఉందా? కొన్ని కంపెనీలు ఇన్ని నెలలు ఆగాలంటాయి, నీకది దాటిపోయి ఉండొచ్చు. 16 నెలల కిందటి బ్యాకింగ్ యాక్సిడెంట్‌ని మీ చార్ట్ ఎలా చూస్తుంది? 1099 అనుభవాన్ని నిర్ధారించడానికి మీకేం కాగితాలు కావాలి? మా పిన్ కోడ్ నుంచి ఆ టెర్మినల్‌కి ఇప్పుడు తీసుకుంటున్నారా? ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది. ఎంత మంచి రికార్డున్నా ఆ నెల ఆ టెర్మినల్‌లో ఖాళీ లేకపోతే వద్దంటారు. నీ మొదటి మెయిల్‌కి సగం కారణం అదే అయినా నేను ఆశ్చర్యపోను.

యాక్సిడెంట్ గురించి అడిగినప్పుడు ఎలా చెప్తావన్నదే ఆ ఫోన్‌లో అసలు ఘట్టం. మనవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా చెడగొట్టుకుంటారు. ఒకరు ‘ఆ ట్రక్కు వాడే తప్పుగా పార్క్ చేశాడు’ అని మొదలుపెడతారు. ఇంకొకరు తప్పంతా నాదే సార్ అని పది నిమిషాలు ఏడుస్తారు. రెండూ వద్దు. నాలుగు వాక్యాలు చాలు. ‘ఫలానా నెలలో ట్రక్ స్టాప్‌లో రాత్రి పూట బ్లైండ్ సైడ్ (డ్రైవర్‌కి సరిగ్గా కనిపించని వైపు) బ్యాకింగ్ చేశాను. దిగి చూడకుండానే వెనక్కి వెళ్లాను, పార్క్ చేసిన ట్రక్కు అద్దం, హుడ్ తగిలాయి, గాయాలు లేవు, టో లేదు. అప్పటి నుంచి ప్రతిసారీ దిగి చూస్తాను, వీలైనంత వరకు డ్రైవర్ వైపు నుంచే బ్యాక్ చేస్తాను, చీకటి పడకముందే పార్క్ అయ్యేలా ట్రిప్ ప్లాన్ చేసుకుంటాను. 16 నెలలుగా ఇంకేమీ జరగలేదు.’ నీ సంఘటన రాత్రి జరగలేదా, బ్లైండ్ సైడ్ కాదా, అయితే జరిగింది జరిగినట్టు చెప్పు. ఇది ఇంగ్లిష్‌లో గట్టిగా పదిసార్లు చెప్పి అలవాటు చేసుకో, డ్రైవింగ్ చేస్తూ చెప్పుకున్నా సరే. డ్రైవర్‌కి ఇంగ్లిష్ వచ్చి ఉండాలనే రూల్ ఎప్పటి నుంచో ఉన్నా, 2025 జూన్ 25 నుంచి రోడ్డు పక్క తనిఖీలో ఇంగ్లిష్ సరిపోకపోతే బండి నడపనివ్వకుండా ఆపేస్తున్నారు. అందువల్ల కంపెనీలు కూడా ఫోన్‌లో ఆ చెవితో వింటున్నాయి. యాస గురించి దిగులు పడకు. నా యాస ఇప్పటికీ గుంటూరే. అడిగింది అర్థమై, అడిగినదానికి జవాబిస్తే చాలు.

ఎప్పుడు మానెయ్యాలి? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ‘ప్రీ-అప్రూవ్డ్’ అనే మెయిల్ చూసి మానేసినవాళ్లని చాలామందిని చూశాను. ఆ మాటకి ‘ఫారం చేరింది’ అని తప్ప పెద్ద అర్థం లేదు. ఓరియెంటేషన్‌కి బస్ టికెట్ పంపి, అక్కడ రెండో రోజు రోడ్ టెస్ట్ తర్వాతో, బీపీ చూశాకో వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. నీ మెడికల్ కార్డ్ గడువు ఎంత ఉన్నా చాలా కంపెనీలు తమ డాక్టర్ దగ్గర మళ్లీ పరీక్ష చేయిస్తాయి. బీపీ 140/90 లోపు ఉంటే, ఇతర సమస్యల్లేకపోతే, 2 ఏళ్ల కార్డ్. దాటితే మామూలుగా ఏడాదికి తగ్గుతుంది, మరీ ఎక్కువైతే ఇంకా తక్కువ. మూడు వారాలు రోడ్డు మీద తిని నిద్రలేక వచ్చి, ఆ మర్నాడే చూపించుకుంటే బీపీ ఎంత ఉంటుందో నీకే తెలుసు. ముందొక రోజు ఇంట్లో పడుకుని వెళ్లు. చేరే తేదీతో ఆఫర్ కాగితం, డ్రగ్ టెస్ట్ ఫలితం, పాత కంపెనీల నిర్ధారణ పూర్తయిందన్న మాట, ఈ మూడూ చేతికొచ్చాకే రెండు వారాల నోటీసు ఇవ్వు. తొందరగా రమ్మని రిక్రూటర్ ఒత్తిడి చేస్తే, ‘ఇప్పుడున్నవాళ్లకి రెండు వారాలు ఇస్తానని మాటిచ్చాను’ అని చెప్పు. ఆ మాట విని వద్దనుకునే కంపెనీ అయితే, వారం వారం ఇంటికి పంపిస్తామన్న మాట మీద కూడా నాకు నమ్మకం ఉండదు.

అక్కడి నుంచి బయటికొచ్చే రోజు ట్రక్కుని వాళ్లు చెప్పిన చోటే పెట్టు. నాలుగు వైపులా ఫొటోలు, ఓడోమీటర్ ఫొటో, ఫ్యూయల్ కార్డ్ తిరిగిచ్చినట్టు ఒక టెక్స్ట్, ‘ట్రక్కు ముట్టింది’ అని వాళ్ల దగ్గర్నుంచి ఒక జవాబు. నా ఆదివారం కథ ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలిసింది కదా.

ఇంకా మిగిలింది, అసలు ఆ కంపెనీ నువ్వనుకున్నంత మంచిదేనా అన్నది. ఇంత కాలం మనసులో పెట్టుకున్న కంపెనీ కాబట్టి నువ్వు ఈ ప్రశ్న వేసుకుని ఉండవు. అదే సేఫర్ వెబ్‌సైట్‌లో వాళ్ల పేరు కూడా కొట్టు. తనిఖీల్లో వాళ్ల ట్రక్కులు ఎంత శాతం నిలిచిపోతున్నాయి, దేశ సగటు ఎంత, పక్కపక్కనే కనిపిస్తాయి. మీ దగ్గరి టెర్మినల్ నుంచి నడిపే డ్రైవర్ ఎవరైనా ఫ్యూయల్ ఐలాండ్ (డీజిల్ కొట్టించే చోటు) దగ్గర కలిస్తే, కంపెనీ ఎలా ఉందని అడక్కు, పోయిన వారం ఇంటికి ఏ రోజు వెళ్లావు, ఎన్ని గంటలున్నావు అని అడుగు. మొదటి ప్రశ్నకి అందరూ అభిప్రాయాలు చెప్తారు, రెండోదానికి నిజం చెప్తారు.

ఒకవేళ మళ్లీ వద్దంటే? కారణం రాతలో అడుగు. గడువు కారణమైతే తేదీ అడిగి క్యాలెండర్‌లో రాసుకో. అనుభవం నిర్ధారణ కాలేదంటే, ఇంటికి దగ్గరగా డబ్ల్యూ-2 మీద, అంటే ఉద్యోగిగా లెక్కగట్టి, జీతం ఇచ్చే మధ్యస్థాయి కంపెనీలో ఒక ఏడాది చెయ్యి. వాళ్లు మెయిల్‌కి జవాబిస్తారు. ఒక్క ఏడాది, ఒక్కటే కంపెనీ. మధ్యలో సెంటు ఎక్కువిచ్చాడని ఇంకో చోటికి దూకావా, చార్ట్‌లో ఇంకో గడి ఎర్రబడుతుంది. ఈలోగా లైసెన్స్ మీద హాజ్‌మ్యాట్ (ప్రమాదకరమైన సరుకు), ట్యాంకర్ ఎండార్స్‌మెంట్లు, అంటే అవి నడిపే అదనపు అనుమతులు, చేర్పించుకోవచ్చు. హాజ్‌మ్యాట్‌కి మొదటిసారైతే ట్రైనింగ్ కోర్సు, టీఎస్‌ఏ (ఫెడరల్ రవాణా భద్రతా సంస్థ) నేపథ్య తనిఖీ రెండూ ఉంటాయి, టైం పడుతుంది, ముందే మొదలుపెట్టు. నీ సీడీఎల్ టెస్ట్ ఆటోమేటిక్ ట్రక్కులో ఇచ్చి ఉంటే లైసెన్స్ మీద మాన్యువల్ గేర్ల ట్రక్కు నడపకూడదనే పరిమితి ఉందేమో కూడా చూసుకో. ఇప్పుడు చాలా ఫ్లీట్‌లలో ఆటోమేటిక్కే కాబట్టి అడ్డు రాకపోవచ్చు, అయినా అప్లికేషన్‌లో అడుగుతారు.

మీ ఆవిడకి మాత్రం ఇదంతా చెప్పకు, విసుగొస్తుంది. వారం వారం ఇంటికొస్తానని చెప్పు. అది కూడా ఫ్యూయల్ ఐలాండ్ దగ్గర ఆ డ్రైవర్ని అడిగాకే చెప్పు.

రిక్రూటర్‌కి ఫోన్ చేసే ముందు, ఆ మూడు నెలల కంపెనీలో చేరిన తేదీ, వదిలిన తేదీ, యాక్సిడెంట్ తేదీ పాత పే స్టబ్‌లు చూసి కాగితం మీద రాసుకో. జ్ఞాపకం మీద చెప్పకు. నీ మొదటి అప్లికేషన్ కాపీ మెయిల్‌లో దొరికితే దానితో కూడా సరిచూసుకో. అప్పుడు కంగారులో ఒక నెల అటూ ఇటూ రాసి ఉంటే, ‘అప్పుడు తప్పు రాశాను, సరైన తేదీ ఇది’ అని ఫోన్‌లో ముందే నువ్వే చెప్పు.